జిగురు పూసిన తునికి కర్ర

నాకో మంచి గుణం ఉంది. ఎవరి సలహాతోనూ నా పని పాడవనివ్వను. చెట్టెక్కడం తప్ప అన్ని విద్యలూ సొంతంగా నేర్చుకున్న నక్కని. చెట్టెక్కడం నాకే ఇష్టం లేదు.

ఈ సంగతి అడవంతా తెలిసేలా చూసుకున్నాను కాబట్టే, ఎలుగు మామ నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. కిందటి వానల్లో జారిపడి మామ మోకాలు పాడైంది. చూపు కూడా అంతంతమాత్రం. కొండకవతల ఇప్పపూలు రాలే రోజులు దగ్గరపడ్డాయి. ఎండాకాలమంతా మామకి అదే తిండి.

"అల్లుడూ, కొండెక్కడానికి ఓ కర్ర చేసిపెట్టరా. ఈసారి జారితే లేవలేను."

"కర్రేంటి మామా, ఐదో కాలే మొలిపిస్తాను."

తునికి కొమ్మ నరికి, తొక్క ఒలిచి, బండ మీద ఎండలో పడేశాను. దుంపలు తవ్వుకుంటున్న ముళ్లపంది పిన్ని తలెత్తింది.

"పచ్చికర్ర ఒలిచి ఎండలో పెడతార్రా ఎవరైనా? తొక్కతోనే నీడన పడుండనియ్యి. చెమ్మ దానంతటదే పోతుంది."

"ఆలస్యం అమృతం విషం పిన్నీ."

"తొందర మటుకు పాయసమా?"

మర్నాటికి కణుపు దగ్గర కర్ర నోరు తెరిచింది. ఇంకోటి కొట్టొచ్చు. కానీ పిన్ని చూస్తుందే. అందుకని తుమ్మ జిగురులో బొగ్గుపొడి కలిపి పగుల్లో కూరి, పైన కానుగ నూనె పట్టించాను. కర్ర నిగనిగలాడింది.

"పైన పటారం, లోన లొటారం," అని పిన్ని తన దుంపల దగ్గరికి పోయింది.

మామ మాత్రం కర్రని గుండెలకి హత్తుకున్నాడు. "దీని మీద బరువు మోపడానికి మనసు రావడం లేదురా."

"మోపకు మామా," అన్నాను. ఈ వ్యవహారం మొత్తంలో నేను చెప్పిన నిజాయితీ మాట అదొక్కటే.

మామతో పాటు నేనూ కొండెక్కాను, దారిపొడుగునా పొగడ్తలు దొరుకుతాయని. ఎదురైన ప్రతి జింకకీ మామ కర్ర ఎత్తి చూపించాడు. "మా అల్లుడు చేశాడు."

సగం ఎక్కేసరికి నా అరికాల్లో రేగుముల్లు దిగింది. ముందంతా లోయ అంచున సన్నటి దారి. మామ ఆగాడు.

"ఇదిగో, కర్ర నువ్వు పట్టుకో."

"వద్దు మామా. నీ మోకాలు..."

"నాకు గోళ్లున్నాయిరా. బండ పట్టుకుని పోతాను. నీ చేతిపని నిన్ను కాక ఎవర్ని కాస్తుంది?"

అప్పుడైనా చెప్పేయొచ్చు. నోరు తెరిచాను కూడా. "ఎండ ఎక్కువగా ఉంది," అన్నాను.

కర్ర మోపినట్టు నటిస్తూ కుంటుకుంటూ నడిచాను. కాలికింద రాయి కదిలింది. నా బరువంతా కర్ర మీద పడింది. కణుపు దగ్గర పుటుక్కుమంది. లోయలోకి పోతున్న నన్ను తోక పట్టుకుని లాగాడు మామ, ఆ చెడ్డ మోకాలే బండకి ఆనించి.

చాలాసేపు ఇద్దరం రొప్పాం. తర్వాత మామ విరిగిన ముక్కని తడిమి చూసి తల దించుకున్నాడు.

"మొదటి మలుపులో కాస్త గట్టిగా మోపానురా. అప్పుడే చిట్లి ఉంటుంది. నీ కష్టం పాడుచేశాను, ఏమనుకోకు."

"పర్లేదులే మామా," అన్నాను.

మోకాలు వాచి మామ ఆ ఏడు కొండ దాటలేదు. ఇప్పపూలు నేనే మోసుకొచ్చి పెట్టాను. ఇప్పుడు మామ అడవంతా తిరిగి నా మంచితనం గురించి చెప్పుకుంటున్నాడు.

పగులుకి జిగురు పూసినవాడు ఏదో ఒకరోజు దాని మీదే ఆనుకోవాల్సి వస్తుంది.

కర్రని తొక్కతో నీడన ఆరబెట్టడం ఇప్పుడు నాకొచ్చు. "మామా, నువ్వు కాదు, నేనే," అనడం ఇంకా రాలేదు.