అచ్చులో పోయిన పోలయ్య

మా ఊరికి అచ్చు పత్రిక కొత్తగా వచ్చిన కాలంలో, అందులో పడ్డ ప్రకటనకు ఎదురు లేదు. ఒక వారం ఇలా పడింది: "కుమ్మరి పోలయ్య వారసులు లేక మరణించినందున, అతని ఏటిగట్టు మడి జమీందారు నరసరాజుగారికి చెందినది."

పోలయ్యకు బతుకుతెరువు ఆ మడే. కచేరీకి పరుగెత్తాడు.

"నేను బతికే ఉన్నాను దొరా!"

"అచ్చులో పోయావురా. అచ్చు అబద్ధమాడదు," అన్నాడు రాజుగారు మీసం దువ్వుతూ. కొలువంతా నవ్వింది.

మర్నాడు పోలయ్య మంగలిని వెంటబెట్టుకుని వచ్చాడు. కచేరీ నిండా రైతులున్నారు.

"వీడెందుకురా?"

"దిక్కులేనివాడి ఆస్తి పుచ్చుకున్నవాళ్లే కర్మ చెయ్యాలన్నది మన ఆచారం. నా మడి తమరు పుచ్చుకున్నారు. తలా, మీసమూ గొరిగించుకోండి దొరా. పిండం పెట్టేదాకా నేను ఈ గడప వదలను."

ఎవరూ నవ్వలేదు. ముసలి రైతులు నిజమేనన్నట్టు తలలూపారు. మంగలి కత్తి నూరుతున్నాడు.

"ఛీ, లే, పో! నీ మడి నీదేరా."

"నోటిమాటతో చచ్చినవాడు లేవడు దొరా. అచ్చు వేయించండి."

ఆ శుక్రవారం పత్రికలో పోలయ్య బతికాడు. సోమవారం తన మడిలో నాట్లు వేసుకున్నాడు.