గవర్రాజు గీసిన పటం

చిదంబరంగారికి ఒక అలవాటు ఉండేది. వేదాంతంలో ఎంత చిక్కు ప్రశ్న వేసినా విసుక్కోకుండా చెప్పే ఆ పెద్దమనిషికి, "తప్పెవరిదండీ?" అని అడిగితే మాత్రం ఉన్నట్టుండి చెవుడు వచ్చేసేది. ఈ సంగతి గురువారం గురువారం ఆయన దగ్గర కూర్చునే శిష్యులందరికీ తెలుసు. గవర్రాజుకీ తెలుసు. అయినా ఆ రోజు అతను సరిగ్గా అదే ప్రశ్న పట్టుకొచ్చాడు, అదీ కాగితాలతో సహా.

గవర్రాజు మున్సిఫ్ కోర్టులో గుమాస్తా. పదేళ్ళుగా ఎవరెవరి వాంగ్మూలాలో రాసీ రాసీ, అతని కంటికి లోకంలో మనుషులు కనిపించడం మానేసి వాదులూ ప్రతివాదులే కనిపిస్తున్నారు. పదకొండు రోజుల కిందట అతని కొడుకు, ఏడాదిన్నర వాడు, మంచం మీంచి దొర్లి కింద పడ్డాడు. నుదుటి మీద రేగుపండంత బొప్పి కట్టింది. డాక్టరు చూసి, "ఏం ఫర్వాలేదు, ఒక రోజు కనిపెట్టుకుని ఉండండి. వాంతులైనా, మరీ మగతగా ఉన్నా వెంటనే తీసుకురండి" అన్నాడు. పిల్లాడికి వాంతులూ కాలేదు, మగతా రాలేదు. మర్నాటికల్లా మళ్ళీ అదే మంచం ఎక్కడానికి తయారయ్యాడు. తేరుకోనిది పెద్దవాళ్ళే.

ఎందుకంటే గవర్రాజు ఊరుకోలేదు. తల్లినీ భార్యనీ విడివిడిగా కూర్చోబెట్టి, ఆ సమయానికి ఎవరెక్కడున్నారో, ఏం చేస్తున్నారో అడిగి రాసుకుని, కింద సంతకాలు పెట్టమన్నాడు. తల్లి అచ్చాయమ్మ సంతకం పెట్టింది గానీ, ఆనాటి నుంచి కొడుక్కి వండుతోందే తప్ప వడ్డించడం లేదు. భార్య వరహాలు సంతకమూ పెట్టలేదు, మాటా మాట్లాడలేదు. పిల్లాణ్ణి చంకనేసుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది. పిల్లాడు తడిపిన పక్కబట్టలు ఎత్తే పని లేకపోవడం ఇంత కష్టంగా ఉంటుందని గవర్రాజు ఎన్నడూ అనుకోలేదు. ఆ మాట మాత్రం అతని కాగితాల్లో ఎక్కడా లేదు.

"గురువుగారండీ, ఇంక మీరే తేల్చాలి" అంటూ అతను చాప మీద ఇంటి పటం పరిచాడు. "ఇదిగోనండి, ఎర్ర సిరాతో గీసింది మంచం. ఇక్కడ దేవుడి దగ్గర మా అమ్మ, కోడలు చూస్తోంది కదా అనుకుంది. అక్కడ నూతి దగ్గర మా ఆవిడ, అత్తగారు చూస్తున్నారు కదా అనుకుంది. మంచానికి అమ్మ ఎనిమిది అడుగుల దూరం, ఆవిడ ఇరవై రెండు. టేపు పెట్టి కొలిచానండి. తప్పెవరిదండీ?"

"ఆఁ?" అన్నారు చిదంబరంగారు, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

అతను గొంతు పెంచి మళ్ళీ అడగబోతుండగా, గురువుగారి మనవరాలు రేవతి, అయిదేళ్ళది, జామకాయ కొరుక్కుంటూ లోపల్నుంచి పరుగెత్తుకొచ్చి, గడప దగ్గర కాలు జారి బోర్లా పడింది. నుదురు ఠప్పుమని గడపకి తగిలింది. ఏడవాలా వద్దా అన్నట్టు పిల్ల ఒక్క క్షణం అందరి ముఖాలూ చూసింది. "అయ్యయ్యో! పిల్లని చూసుకోకుండా ఎవరు వదిలేశారండీ!" అని గవర్రాజు కేక పెట్టేసరికి, ఏడవాలని తేల్చుకుని రాగం అందుకుంది.

చిదంబరంగారు పిల్లని ఎత్తి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నారు. ఆయన భార్య కామాక్షమ్మగారు తడిగుడ్డ తెచ్చి బొప్పి మీద వేసి, పిల్ల కళ్ళలోకి చూసి, "పొద్దున్న ఏం తిన్నావే?" అని అడిగారు. "ఉప్మా. నాకొద్దన్నాను కూడానూ" అంది రేవతి ఏడుపు మధ్యలో. "బుర్ర బాగానే ఉంది" అని ఆవిడ గంధం అరగదీయడానికి కూర్చున్నారు. మొగుడూ పెళ్ళాలిద్దరూ ఒకరినొకరు ఒక్క ప్రశ్న వేసుకోలేదు.

గవర్రాజుకే చేతులు ఊరుకోలేదు. పిల్లలు పడితే పెద్దవాళ్ళు చేసే పనే తానూ చేద్దామనుకున్నాడు. గడప దగ్గరికి వెళ్ళి, "మా పాపాయిని కొడతావా? నీ పని చెప్తానుండు!" అని అరచేత్తో ఒకటి వేశాడు. రేవతి ఏడుపు తగ్గించి చూసింది. దాంతో అతనికి హుషారొచ్చి రెండోది వేశాడు, మూడోది వేశాడు. నాలుగో దెబ్బకి పదకొండు రోజుల ఉక్రోషమూ చేతిలోకి వచ్చేసింది. "చూసుకోవద్దూ! ఒకళ్ళు కాకపోతే ఒకళ్ళయినా చూసుకోవద్దూ!" అంటూ ఆఖరికి కాలెత్తి ఒక్క తన్ను తన్నాడు. అది పాతకాలపు టేకు గడప. బొటనవేలు కలుక్కుమంది. "ఓలమ్మో" అని ఎగిరాడు. ఆ ఇంటి గుమ్మం పొట్టిది. పైకమ్మి నడినెత్తిన ఠకీమని తగిలింది.

రేవతి పకపకా నవ్వింది. గవర్రాజు నెత్తి పట్టుకుని గోడకి చేరగిలబడ్డాడు. పిల్ల తన నుదుటికి రాయగా మిగిలిన గంధం గిన్నెని రెండు చేతులా పట్టుకుని తాతగారి ఒళ్ళోంచి దిగింది. ముందు గడప దగ్గర ఆగి, అతను తన్నిన చోట వేలితో గంధం రాసింది.

"దానికెందుకే తల్లీ? అదే కదా నిన్ను కొట్టింది!" అన్నాడు గవర్రాజు మూలుగుతూ.

"నువ్వు తన్నావు కదా మామయ్యా. దానికీ నొప్పెట్టి ఉంటుంది" అంది రేవతి. తర్వాత అతని నెత్తికీ ఇంత పట్టు వేసి, చాప మీదున్న పటం మీదికి వంగింది. "ఇదేంటి?"

"మా ఇల్లమ్మా. అది మంచం. మా అబ్బాయి దాని మీంచే పడ్డాడు."

"ఇదెవరు?"

"మా అమ్మ."

"ఇది?"

"మీ అత్తయ్య."

"మరి నువ్వెక్కడున్నావు మామయ్యా?"

పదేళ్ళుగా ఎంతోమంది సాక్షులు నీళ్ళు నమలడం చూసిన గవర్రాజు ఇప్పుడు తనే నీళ్ళు నమిలాడు. చిదంబరంగారి చెవుడు ఎప్పుడు పోయిందో గానీ, ఆయన కాస్త ముందుకి జరిగారు.

"మంచం మీదేనమ్మా" అన్నాడు గవర్రాజు మెల్లగా. "పేపరు చదువుకుంటున్నాను."

"అయితే ఇక్కడ" అని రేవతి మంచం నడిమధ్య ఒక గంధం బొట్టు పెట్టింది.

గవర్రాజు ఆ బొట్టుకేసి వంగి చూశాడు. గంధం తడికి ఎర్ర సిరా మెల్లగా అలుక్కుపోతోంది. అతనికి సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకే కొడుకు మీద బెంగా వచ్చేసింది. "ఆ పేపర్లో ఏముందో కూడా గుర్తు లేదండి" అన్నాడు. కండువాతో ముఖం తుడుచుకుని, "నేనిప్పుడేం చెయ్యనండీ?" అని అడిగాడు, ఇంచుమించు తనలో తానే.

అంత నెమ్మదిగా అడిగినా ఈ ప్రశ్న చిదంబరంగారికి శుభ్రంగా వినిపించింది. ఆయన గంధం గిన్నెలోకి తొంగి చూశారు.

"ఇంకా ఇద్దరికి సరిపడా ఉంది, గవర్రాజూ. దోవలో ఎండిపోకుండా పట్టుకెళ్ళు."