ఎర్రవంక సరాయి పేజీ

పత్రికలో తన పేరు రాలేదని దస్తగిరికి ఆదివారం నుంచి అన్నం సయించడం లేదు.

అతను జూనియర్ కాలేజీలో కామర్స్ చెబుతాడు. కాలేజీ వదిలాక చేసే పని ఇంకొకటి ఉంది. అంతర్జాలంలో తెలుగు విజ్ఞాన సర్వస్వం ఒకటుంది. అందులో ఎవరైనా రాయొచ్చు, ఒకరు రాసింది ఇంకొకరు దిద్దొచ్చు. ఎవరికీ జీతం లేదు. సీమలోని రక్షిత కట్టడాలన్నిటికీ అందులో తలా ఒక పేజీ ఉండాలని దస్తగిరి పూనుకున్నాడు. కోటలు, సమాధులు, మండపాలు, కప్పు కూలిన మసీదులు... ప్రభుత్వం జాబితాలో పేరు ఎక్కించి, నీలం బోర్డు పాతి, ఆ తర్వాత మరిచిపోయిన చోట్లు. రండి అని పిలిస్తే మనుషులొచ్చారు. ఒకరు ఫోటోలు తీశారు, ఒకరు పాత పుస్తకాలు తిరగేశారు, ఒకరు పటాలు గీశారు. ఎవరికి ఏ ఊరో పంచిపెట్టేది, రాసింది సరిచూసేది, మాటామాటా వస్తే సర్దిచెప్పేది దస్తగిరి.

అన్నిటిలోకీ అతనికి ఇష్టమైనది ఎర్రవంక సరాయి పేజీ. వెనకటి కాలంలో వర్తకులు ఎద్దుల మీద సరుకు వేసుకుని పోతూ రాత్రికి తలదాచుకున్న రాతి కట్టడం అది. ఊరికి ఎడంగా, వంక ఒడ్డున ఉంటుంది. పేజీ వచ్చాకనే జనం దాన్ని వెతుక్కుంటూ పోవడం మొదలైంది. ఆ తర్వాతే చుట్టూ కంచె పడింది, గోడల్లో మొలిచిన రావి మొక్కలు పీకించారు.

ఆదివారం పత్రికలో ఆ సరాయి మీద అర పేజీ కథనం వచ్చింది. సుహాసిని అనే డిగ్రీ పిల్ల తీసిన ఫోటో పెద్దగా వేసి, కింద ఆమె పేరు వేశారు. మిగతా వాళ్ల గురించి ఉన్నది ఒకటే ముక్క: "కొందరు ఔత్సాహికుల కృషి వల్ల."

"ఆ బిడ్డ పేరన్నా వచ్చింది కదా" అనింది భార్య జుబేదా పత్రిక మడుస్తూ.

ఆ మాటతో ఇంకాస్త మండింది.

శుక్రవారం నమాజు అయ్యాక దస్తగిరి పీరాసాబ్ ఇంటికి పోయాడు. గుట్ట కింద చిన్న దర్గా ఉంది. దాన్ని చూసుకుంటూ, దాని పక్కనే రెండు గదుల ఇంట్లో ఉంటారు పీరాసాబ్. పార్సీ, ఉర్దూ, తెలుగు మూడూ బాగా చదివిన మనిషి. మాట్లాడేది మాత్రం తక్కువ. తండ్రి పోయిన ఏడు దస్తగిరి ఆయన చేతిలో చేయి పెట్టి శిష్యుడయ్యాడు. అప్పటినుంచి మనసు బరువైనప్పుడల్లా ఆ అరుగు మీదికే వస్తాడు.

పీరాసాబ్ అరుగు మీద కూర్చుని చాటలో కందిపప్పు పోసుకుని రాళ్లు ఏరుతున్నారు. శుక్రవారం సాయంత్రం దర్గాకు వచ్చిన వాళ్లందరికీ అక్కడే భోజనం.

"హజ్రత్, నేను ఆ పని మానేస్తాను" అన్నాడు దస్తగిరి కూర్చుంటూనే.

"ఏ పని?"

"పేజీలు రాసే పని. ఇంకా సగం కట్టడాలు మిగిలే ఉన్నాయి. ఓపిక ఉన్నవాళ్లు చూసుకుంటారు. మీరు సరే అంటే రేపే అందరికీ చెప్పేస్తాను."

"ఎవరన్నా ఏమన్నా అన్నారా?"

"ఎవరూ ఏమీ అనలేదు. నా బాధ అదే."

పత్రిక సంగతంతా చెప్పాడు. "నేను సన్మానం అడిగినానా హజ్రత్? శాలువా అడిగినానా? ఆ రాసినాయన నా పేజీ చూసే రాశాడు. నా వాక్యాలు నాకు తెలియవా? పేరొక్కటి వేస్తే ఏం పోయింది?"

పీరాసాబ్ తలాడించారు. ఓదార్చలేదు, మందలించలేదు. ఒక రాయి ఏరి పక్కన వేశారు.

"ఆ పేజీ గురించి నువ్వు చెప్పడమే గానీ నేనెప్పుడూ వినలేదు" అన్నారు. "ఫోనులో ఉందా?"

"ఉంది హజ్రత్."

"చదువు."

దస్తగిరికి ప్రాణం లేచొచ్చింది. ఫోను తీసి, క్లాసులో చదివినట్టు గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. సరాయి ఎక్కడుంది, ఎందుకు కట్టారు, ఏ దారిన వర్తకులు వచ్చేవాళ్లు. మొదటి పేరా అయింది.

"బాగుంది. ఎవరు రాశారు?"

"నేనే హజ్రత్."

"ఊఁ. తర్వాత?"

తర్వాత కట్టించిన వాళ్ల సంగతి. వాకిలి మీది పార్సీ శాసనంలో ఏముందో రెండు వాక్యాలు. అక్కడ పీరాసాబ్ చేయెత్తి ఆపారు.

"నీకు పార్సీ వచ్చా?"

"రాదు. ఇది వసుంధరమ్మ గారు పెట్టింది. హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైనారు. పాత శాసనాల పుస్తకం ఎక్కడుందో తెలుసుకుని, మూడు లైబ్రరీలు తిరిగి, అందులోంచి ఎత్తి రాశారు."

"ఎక్కడుంటారు ఆమె?"

"నెల్లూరు."

పీరాసాబ్ చాట పక్కన పెట్టారు. కుడిచేతికి అంటిన పప్పు దుమ్ము తుడుచుకున్నారు. తూర్పుకు తిరిగి చేయి నుదుటి దాకా ఎత్తి, "సలాం అమ్మా" అన్నారు. వాకిట్లోకి వచ్చిన మనిషితో అన్నట్టే అన్నారు. మళ్లీ ఇటు తిరిగి, "చదువు" అన్నారు.

దస్తగిరి ఒక్క క్షణం ఆయన ముఖంలోకి చూసి మళ్లీ చదవసాగాడు. లోపల గదులెన్ని, గోడలెంత మందం, కమాను ఎంత ఎత్తు.

"కొలిచింది నువ్వా?"

"కాదు హజ్రత్. జాషువా అని, చిత్తూరులో ఇంజనీరు. ఎండాకాలం సెలవుల్లో భార్యాబిడ్డలతో వచ్చి కొలిచాడు. అందరూ కొండలకు పోతారు, ఇతను పెళ్లాన్ని పిల్లల్ని తెచ్చి ఈ ఎండలో పెట్టాడు. టేపు రెండో కొస పిల్లలే పట్టుకున్నారు."

పీరాసాబ్ నవ్వారు. దక్షిణానికి తిరిగారు. "సలాం జాషువా. ఇంట్లో అందరికీ" అన్నారు.

పటం దగ్గరికి వచ్చేసరికి ఆయన అడగకముందే దస్తగిరి చెప్పాడు. "ఇది ఖలీల్ గీశాడు. ఖతర్‌లో కారు నడుపుతాడు. సెలవు దొరికిన రోజు రూములో కూర్చుని, ఆకాశం నుంచి తీసిన ఫోటోలు చూసుకుంటూ మన ఊళ్ల పటాలు గీస్తుంటాడు. వాళ్ల ఊరు సరాయికి దగ్గరే. చిన్నప్పుడు అక్కడే మేకలు కాసినాడంట. ఏ మూల ఏ రాయి ఉందో చూడకుండా చెబుతాడు."

పీరాసాబ్ పడమరకు తిరిగి సలాం చేశారు.

విజయనగరంలో ఒక కోర్టు గుమస్తా ఉన్నాడని, తన ఒత్తులూ దీర్ఘాలూ అతనే దిద్దుతాడని దస్తగిరి చెప్పాడు. నాలుగేళ్లలో ఒక్కసారి కూడా అతని ముఖం చూడలేదట. మొదట్లో కోపం వచ్చేదట, తర్వాత అతను దిద్దితే గానీ పేజీ పూర్తయినట్టు ఉండేది కాదట. ఈశాన్యం మూలకు తిరిగి పీరాసాబ్ ఆ గుమస్తాకూ సలాం చేశారు. దస్తగిరి గొంతులో క్లాసు చెప్పే బిరుసు పోయింది. చదివేది తగ్గి, చెప్పేది ఎక్కువైంది. ఎవరు ఎప్పుడు వచ్చారో, ఎవరు ఏ ఎండలో తిరిగారో, ఇంటివాళ్ల గురించి చెప్పినట్టు చెబుతున్నాడు.

చివరి పేరాకు వచ్చాడు.

"వానాకాలంలో వంక పొంగినప్పుడు బాట వైపు నీళ్లు లోతు లేనట్టే కనిపిస్తాయి గానీ అక్కడ మడుగు ఉంది. అప్పుడు తూర్పు గోడ వెనక ఉన్న పాత గట్టు మీదుగా ఊళ్లోకి రావచ్చు."

చదివి ఆగిపోయాడు.

కిందటి వానాకాలం సుహాసిని ముగ్గురు స్నేహితురాళ్లతో సరాయి ఫోటోలకు పోయింది. అక్కడ చినుకు లేదు. ఎగువన ఎక్కడో వాన పడి, చూస్తుండగానే వంక ఎర్రగా పొంగింది. ముగ్గురూ బాట వైపు నీళ్లలో దిగబోతుంటే సుహాసిని, పేజీలో చదివింది గుర్తొచ్చి, వాళ్లను వెనక్కి లాగింది. గట్టు వెతుక్కుని, ఒకరి చేయి ఒకరు పట్టుకుని ఊరు చేరారు. ఇంటికి పోయాక ఆ పిల్ల దస్తగిరికి ఫోను చేసి ఏడ్చింది. "మీ పేజీ మమ్మల్ని కాపాడింది సార్" అనింది. దస్తగిరి ఆ మాట స్టాఫ్‌రూములో చెప్పుకున్నాడు, బంధువుల్లో చెప్పుకున్నాడు. ఈ అరుగు మీద కూర్చుని పీరాసాబ్‌కూ చెప్పాడు.

"ఆ ఆడబిడ్డలు నడిచొచ్చిన గట్టు ఇదేనా?" అడిగారు పీరాసాబ్.

"ఇదే హజ్రత్."

"ఎవరు రాశారు?"

"తెలియదు."

"పేరు లేదా?"

"పేరు పెట్టుకోకుండా కూడా రాయొచ్చు. అప్పుడు పేరుండే చోట అంకెలు పడతాయి, అంతే. ఎవరో ఒకసారి వచ్చి ఈ రెండు వాక్యాలు రాసి పోయారు. మళ్లీ రాలేదు. ఆడమనిషో మగమనిషో కూడా తెలియదు."

"అప్పుడు నువ్వేమన్నావు?"

దస్తగిరి చూపు చాటలోని పప్పు మీదికి దించాడు.

"తీసేద్దామన్నాను" అన్నాడు. "విజ్ఞాన సర్వస్వంలో దారులు చెప్పడమేమిటని వాదించాను. వసుంధరమ్మ గారు ఒప్పుకోలేదు. ఆ మడుగు సంగతి ఏదో పాత పుస్తకంలో ఉంటే వెతికి పట్టుకొచ్చి, దాన్ని ఆ వాక్యానికి సాక్ష్యంగా పెట్టారు. 'ఎవరో పనిగట్టుకుని వచ్చి చెప్పారు, ఉండనీ బాబూ' అన్నారు. పెద్దావిడతో ఏం వాదిస్తాంలే అని వదిలేశాను."

పీరాసాబ్ చాటలోంచి ఇంకో రాయి ఏరి పక్కన వేశారు.

"ఆ అమ్మాయి ఫోను చేసినప్పుడు కూడా అది రాసింది నేను కాదని చెప్పలేదు" అన్నాడు దస్తగిరి.

పీరాసాబ్ అడిగారు. "ఆ రాసిన మనిషికి తర్వాత ఎవరన్నా ఒక మాట చెప్పారా?"

"ఎలా చెప్పేది హజ్రత్? వసుంధరమ్మ గారికైతే నేను ఈ రోజే ఫోను చేస్తాను. ఆ మనిషికి ఎలా? ఆ అంకెలకు రాస్తే ఎవరికీ చేరదు. ఏ ఊరో తెలియదు, ఏ దేశమో తెలియదు. ఏ దిక్కున ఉన్నారో కూడా తెలియదు."

పీరాసాబ్ అరుగు స్తంభం పట్టుకుని లేచారు. ఆయనకు లేవడం కష్టం. దస్తగిరి చేయి అందించబోతే వద్దన్నట్టు తల ఊపారు. తలమీది టోపీ సరిచేసుకుని తూర్పుకు తిరిగారు.

"అస్సలాము అలైకుమ్" అన్నారు.

బదులు వినడానికన్నట్టు కొంచెంసేపు ఆగారు. తర్వాత దక్షిణానికి తిరిగి, మళ్లీ అదే మాట, మళ్లీ అలాగే ఆగడం. తర్వాత పడమరకు. అప్పటికి ఊపిరి అందక, గోడకు చేయి ఆనించుకుని నిలబడ్డారు. మెల్లగా వంగి, అరుగు మీద కూర్చుని, చాట ఒళ్లోకి తీసుకున్నారు.

"మోకాళ్లు నొస్తాండాయి బేటా" అన్నారు. "ఆ మిగిలిన దిక్కు నువ్వు చూసుకో."

దస్తగిరి ఫోను కింద పెట్టి లేచాడు. ఉత్తరానికి తిరిగాడు. ఎదురుగా రోడ్డు, దాని అవతల శనగ చేలు, ఆ చేల చివర ఏదో ఊరు. చేయి నుదుటి దాకా ఎత్తాడు. "అస్సలాము అలైకుమ్" అని, బదులు కోసం అట్లాగే నిలబడ్డాడు.