మారుమోతమ్మ దగ్గర ఒక్కసారే పిలవాలి

ఎర్రకనుమ మలుపులో నూట నలభై మెట్లెక్కాక కనిపించే కొండచరియనే భక్తులు మారుమోతమ్మగా కొలుస్తారు. ఇక్కడ విగ్రహం లేదు. చరియకే పసుపు పూసి పూజ చేస్తారు. పైకి వచ్చినవారు రొప్పు తీరకముందే అరవడం మొదలుపెడతారు. ఒక్కసారే పిలవండని తరతరాల పూజారులు చెప్పి చెప్పి అలిసిపోయారు. మారుమోత అంటే ప్రతిధ్వని. ఈ చుట్టుపక్కల ఊళ్లలో మాత్రం, పంపిన కబురుకు జవాబు రాకపోయినా 'మారుమోత లేదు' అనడం వాడుక.

పూర్వం ఈ చుట్టుపక్కల కొండల్లో బీరమ్మ అనే గొల్ల ఇల్లాలు గొర్రెలు మేపుకునేది. భర్త చౌడప్పకు చూపు పోయింది. ఇంటి దగ్గర చూసుకునే దిక్కు లేక ఆయననూ వెంట తెచ్చుకునేది. ఆయనను ఒకచోట కూర్చోబెట్టి, మందతో కొంత ముందుకు వెళ్లి కూత వేసేది. ఆ గొంతు పట్టుకుని ఆయన నడిచి వచ్చేవాడు. తొమ్మిదేళ్లు ఇలాగే గడిచాయి. మందను అదిలించలేక, మనిషిని పిలవలేక బీరమ్మకు ప్రాణం విసిగిపోయింది.

ఒక శ్రావణంలో మంద మొదటిసారి ఈ కనుమలోకి దిగింది. చౌడప్ప పైన గట్టు మీదే ఉన్నాడు. ఇంతలో మబ్బు కమ్మింది. బీరమ్మ ఎన్ని కూతలు వేసినా ఆయన రాలేదు. గొంతు బొంగురుపోయి రాతికి చేరబడగానే కునుకు పట్టింది. కలలో పసుపు చీర కట్టిన ముసలామె కనిపించింది.

"నువ్వు కూసినప్పుడల్లా నా చరియా కూస్తాండాది. నీ మొగుడు నా కాడికి వస్తాండాడు. నా ముందర లోయ ఉండాది. నోరు మూసుకో బిడ్డా" అంది.

బీరమ్మ ఉలిక్కిపడి లేచింది. పిలవకపోతే ఆయన బెదిరిపోతాడు. పిలిస్తే లోయలో పడతాడు. నోట్లో కొంగు కుక్కుకుని, ఏడుస్తూనే కనుమ చుట్టూ తిరిగి పైకి ఎక్కింది. లోయ అంచుకు రెండడుగుల దూరంలో చౌడప్ప కూలబడి ఉన్నాడు. పిలుపు ఆగేసరికి ఎటు నడవాలో ఆయనకు తెలియలేదు.

"నా మీద విసుగు పుట్టి ఎల్లిపోయినావనుకుంటి" అన్నాడు.

బీరమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. "విసుగు పుట్టిందయ్యా. అయినా నేను యాడికీ పోలే" అంది.

నేటికీ ఇక్కడికి వచ్చే దంపతులు దూరదూరంగా నిలబడతారు. ఒకరు ఒక్క పిలుపు పిలిచాక, మారుమోత అణగేదాకా ఇద్దరూ మౌనంగా ఉంటారు. తరువాత పిలిచినవారే నడిచి వెళ్లి రెండోవారి చెయ్యి పట్టుకుంటారు. అమ్మవారు సిరిసంపదలు ఇస్తుందని మేము చెప్పలేము. పిలుపు ఆగినంత మాత్రాన మనవాళ్లు మనల్ని వదిలేశారని అనుకోకుండా ఉండే ధైర్యం ఇస్తుందని మాత్రం ఇక్కడివారి నమ్మకం.