నిండుగా తిరిగొచ్చే కడవ

అనగనగా ఒక ఊళ్ళో ఆడవాళ్ళు పగటిపూట నీళ్ళు తాగడం మానేశారు. నీళ్ళు లేక కాదు. తాగితే ఒంటికి వెళ్ళాల్సి వస్తుందని.

నవ్వకు బుజ్జీ. విను.

ఆ ఊరి చుట్టూ మిరప చేలు. నల్లరేగడి నేల, పలకలా పరుచుకుని ఉంటుంది. మిరపమొక్క మనిషి నడుము దాకా కూడా రాదు. ఒక పొద లేదు, ఒక దిబ్బ లేదు. చేలో ఎవరు కూర్చున్నా రోడ్డు మీద ట్రాక్టరు తోలేవాడికి కనిపిస్తారు.

కాయ కోసే ముఠాకి నాంచారమ్మ మేస్త్రి. ఆమే ఒక కట్టుబాటు పెట్టింది. "తెల్లారి ఇంట్లో తాగండి. మళ్ళీ పొద్దుగూకాక ఇంట్లోనే తాగండి. మధ్యలో గొంతు తడపొద్దు." ముఠాలో ఇరవైమంది. ఇరవైమందీ సరేనన్నారు.

అయినా రోజూ ఒక కడవ నీళ్ళు మోసుకెళ్ళేవాళ్ళు. దేనికనుకున్నావు? ఎవరికైనా కళ్ళు తిరిగితే మొహాన చల్లడానికి. ఎవరూ పడిపోని రోజు ఆ కడవ నిండుగానే తిరిగొచ్చేది. దాన్ని చూసి నాంచారమ్మకి గర్వంగా ఉండేది. "ముప్ఫై కోతలు ఇలాగే కోశాను. నాకేమైంది, రాయిలా లేనూ?" అనేది.

ఆ ఏడు ఏమైందో చెప్తాను.

మొదట నాంచారమ్మ మనవరాలు స్వర్ణ. పదమూడేళ్ళ పిల్ల. బడికి సెలవులని అమ్మమ్మతో కోతకొచ్చింది. నెలసరి మొదలై రెండు నెలలే అయింది. పొద్దున పెట్టుకున్న గుడ్డ మార్చుకునే చోటు లేక పొద్దుగూకేదాకా అలాగే ఉంచుకుంది. తొడలు ఒరుసుకుని పుండ్లు పడ్డాయి.

"ఏమే, బాతులా నడుస్తున్నావు?" అంది ముఠాలో ముసలి పిచ్చమ్మ.

స్వర్ణ మొహం తిప్పుకుని కాయ కోసుకుంటూ ముందుకెళ్ళింది. ఇంటికొచ్చాక, "అమ్మమ్మా, నేనింక ఎక్కడికీ రాను. బడికి కూడా" అంది. నాంచారమ్మ కొబ్బరినూనె గిన్నె ముందు పెట్టి, "అలవాటవుతుందిలే" అంది.

ఆ తర్వాత కోడలు వీరమణి. ఆమె ఒళ్ళో మూడు నెలల బిడ్డ. ట్రాక్టరు తొట్టి నీడలో బిడ్డని పడుకోబెట్టి కాయ కోసేది. మధ్యాహ్నమయ్యేసరికి పాలు చాలేవి కావు. బిడ్డ గుక్కపట్టి ఏడ్చేది. వీరమణి ఒకసారి కడవ వైపు చూసేది, ఒకసారి అత్త వైపు చూసేది, తల దించుకుని మళ్ళీ కొయ్యడం మొదలుపెట్టేది.

దిష్టి తగిలిందని నాంచారమ్మ గుప్పెడు ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. ఆ ఊళ్ళో మిరపకాయలకేం కొదవ? ఇల్లంతా దగ్గింది. బిడ్డ ఏడుపు మాత్రం ఆగలేదు.

అప్పుడు నాంచారమ్మ వంతు వచ్చింది. ఆమెకి నెలసరి ఆగి రెండేళ్ళు. ఉండుండి ఒంట్లోంచి ఆవిర్లు వచ్చి, జాకెట్టు తడిసిపోయేది. ఒంటికి వెళ్తే మంట. పైగా చలిజ్వరం. మేస్త్రి జబ్బుపడితే ముఠా చెల్లాచెదురవుతుందని ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు మిట్టమధ్యాహ్నం సాలు మధ్యలో కూలబడిపోయింది.

కడవలో నీళ్ళు ఆమె మొహానే చల్లారు. కళ్ళు తెరిచేసరికి వీరమణి గ్లాసు నోటి దగ్గర పెట్టి ఉంది.

"కట్టుబాటు కదే..." అంది నాంచారమ్మ.

"లేచాక చెబుదువుగాని అత్తా. ముందు తాగు."

నాంచారమ్మ సగం తాగింది. మిగిలిన సగం అత్త చూస్తుండగానే వీరమణి గటగటా తాగేసింది.

ఆ తర్వాత అత్తా, కోడలూ, స్వర్ణా ముగ్గురూ ఆస్పత్రిలో నర్సు సుగుణ దగ్గరికి వెళ్ళారు. సుగుణ ముగ్గురినీ చూసింది. నాంచారమ్మ ఒంటేలు పరీక్ష చేయించి, పెద్ద డాక్టరు దగ్గర మాత్రలు రాయించింది.

"నీళ్ళెందుకు తాగవు?" అని అడిగింది.

"తాగితే ఎక్కడికి వెళ్ళను? చేలోంచి నీ ఆస్పత్రికి పరిగెత్తుకు రానా?"

సుగుణ కాగితం పక్కన పెట్టింది. "ఈ పిల్లకి గుడ్డ మార్చుకునే చోటు కావాలి. ఈ బాలింత బిడ్డకి పాలిస్తూ ఎండలో పనిచేస్తోంది, దాహమైనప్పుడల్లా తాగాలి. నీ వయసులో ఒంటేలు ఆపుకుంటే మంట ఇంకా తొందరగా పట్టుకుంటుంది. మందు నేనిస్తాను. చోటు నువ్వే చూడాలి మేస్త్రమ్మా."

ఐదురోజులు మాత్రలు మింగుతూ నాంచారమ్మ మంచం మీద కూర్చుని ఆలోచించింది. ముప్ఫై ఏళ్ళు ఇరవై గొంతులు కట్టేసింది. నాలుగు గడలు పాతి మరుగు కట్టొచ్చని ఒక్కసారీ తోచలేదు.

లేచి చేలోకి వెళ్ళి, నాలుగు వెదురు గడలు పాతి, చుట్టూ పాత చీర కట్టింది. గాలి వచ్చింది. చీర ఎగిరి పక్కచేలో పడింది. లోపల కూర్చున్న పిచ్చమ్మ తిట్టిన తిట్లు నీకు చెప్పను.

అప్పుడు మిరపకాయలు నింపే గోనెలు తెచ్చి కట్టింది. బరువుగా నిలబడ్డాయి. కానీ గోనెలనిండా కారం దుమ్ము. లోపలికి వెళ్ళిన ప్రతి మనిషీ తుమ్ముతూ, కళ్ళు నులుముకుంటూ, వెళ్ళిన పని మర్చిపోయి బయటికొచ్చింది.

"అమ్మమ్మా, యూరియా సంచులు కడిగి కుడితే?" అంది స్వర్ణ. ఇంట్లోంచి కదలనన్న పిల్ల చేలోకొచ్చి మరీ అంది. సంచులు శుభ్రంగా కడిగి, గట్టిగా కుట్టి, కింద కూడా ఒక గడ దోపారు. గాలికి ఎగరలేదు. ముఠా ఎటు కదిలితే అటు నలుగురు మోసుకెళ్ళేవాళ్ళు. పక్కన రెండో కడవ, సబ్బు పెట్టారు. మిరపకాయ కోసిన చేత్తో ఒంటికి వెళ్తే ఏమవుతుందో వాళ్ళందరికీ తెలుసు మరి. లోపల స్వర్ణ రెండు సంచులు వేలాడదీసింది, మంచి గుడ్డలకి ఒకటి, మార్చిన గుడ్డలకి ఒకటి.

ఆ చేను రైతు పున్నారావు వచ్చి చూశాడు. "కాయ కొయ్యడానికొచ్చారా, గుడారాలెయ్యడానికొచ్చారా? తీసెయ్యి నాంచారమ్మా."

"మీ ట్రాక్టరుకి నీళ్ళు పొయ్యకుండా ఒక్కరోజన్నా తోలతారా, పున్నారావు గారూ?"

"వేరే ముఠాని పిలుస్తా."

"పిలవండి" అంది నాంచారమ్మ. ఇరవైమందినీ తీసుకుని చేను అంచున కూర్చుంది. ఆమెకి లోపల గుబులుగానే ఉంది. ఈ చేను పోతే పక్క రైతూ పిలవడు. అందరూ ఆమె మొహమే చూస్తున్నారు. అయినా నాంచారమ్మ లేవలేదు.

గంటకి పొరుగూరి ముఠా ట్రాక్టర్లో వచ్చింది. వాళ్ళు దిగి, నాలుగు గడల వైపు చూశారు.

"అదేంటి వదినా?" అని అడిగింది వాళ్ళ మేస్త్రి.

నాంచారమ్మ చెప్పింది. వాళ్ళ మేస్త్రి కొంగు దోపుకుని లోపలికి వెళ్ళింది. ఆమె వెనక ఇంకొకామె. ఆమె వెనక ఇంకొకామె. వచ్చినవాళ్ళంతా వరస కట్టారు. బయటికొచ్చి చేతులు కడుక్కుని, కడవలో నీళ్ళు తాగి, చేలోకి దిగకుండా నాంచారమ్మ పక్కన చతికిలబడ్డారు.

"మా చేలకి కూడా ఇలాంటిది కావాలి. కుట్టడం చూపిస్తావా వదినా?" అంది ఆ మేస్త్రి.

పున్నారావు చేనంతా కలయజూశాడు. పండిన కాయ ఎండలో ముడుచుకుపోతోంది. నలభైమంది ఆడవాళ్ళు తీరిగ్గా కూర్చుని ఉన్నారు.

"ఉంచుకోండమ్మా. దిగండి" అన్నాడు.

నాంచారమ్మ ముందుగా తనే కడవలో గ్లాసు ముంచి, అందరూ చూస్తుండగా అడుగంటా తాగింది. "మరుగు నిలబెట్టాకే మనం చేలో అడుగుపెట్టేది" అంది.

ఆ ఏడు అలాగే చేసింది. మరుసటేడూ అలాగే చేసింది. మేస్త్రిగా ఉన్నన్నాళ్ళూ ఆ మాట తప్పలేదు. పొద్దుగూకితే కడవ ఖాళీగా ఇంటికొచ్చేది.

కథేమో కంచికి, కడవేమో చేనికి,
గుక్కెడు నీళ్ళు గొంతుకి, మా బుజ్జి మంచానికి.