గాలిపల్లకీల మజిలీ

అనగనగా ఒక కొండల దేశం. ఆ దేశంలో కొండలున్నాయి, లోయలున్నాయి, దారులు మాత్రం లేవు. మరి మనుషులు ఊరినుంచి ఊరికి ఎలా వెళ్లేవారు? గాలిపల్లకీల్లో వెళ్లేవారు. పల్లకీకి తాళ్లుండేవి. ఆ తాళ్లు ముక్కున కరచుకొని పక్షులు ఎగిరేవి. నమ్మరా? పోనీ, నమ్మకండి. కథ మాత్రం వినండి.

పల్లకీలు నడిపే వర్తకులు ఇద్దరే ఇద్దరు. వసుగుప్తుడి కొలువులో బెగ్గురు పక్షులుండేవి. వాటికి పొడుగు కాళ్లు, పొడుగు మెడలు. నాగశ్రేష్ఠి కొలువులో గూడబాతులుండేవి. వాటికి ముక్కు కింద సంచీ, సంచీ నిండా చేపలు. ఈ గుంపుకూ ఆ గుంపుకూ మాటల్లేవు. ఇవి వాటిని ‘సంచీమూతులు’ అనేవి. అవి వీటిని ‘పుల్లకాళ్లు’ అనేవి.

దేశానికి నట్టనడుమ ఒక కొండ, కొండ మీద ఒక మడుగు. ఎంత తొందర ప్రయాణమైనా పక్షులు అక్కడ దిగేవి. నీళ్లు తాగి, రెక్కలు ఆరబెట్టుకొని మళ్లీ లేచేవి. దాన్నే మజిలీ అనేవారు. అది తాతలనాటి ఆనవాయితీ. ఎవరూ మాట ఇచ్చిందీ కాదు, పుచ్చుకొన్నదీ కాదు.

మాట లేనిదాన్ని మానిపించడం ఎంతసేపు? ఆ ఏడు వానాకాలంలో వర్తకులిద్దరూ “ఆలస్యమవుతోంది” అని మజిలీ తీసేశారు. తీసేసిన కొన్నాళ్లకే ఒక బెగ్గురు పక్షికి ఆకాశంలోనే అలసి రెక్క చచ్చుబడిపోయింది. మిగతావి ఎలాగో పల్లకీని నేలకు దించాయి. ఎక్కినవాళ్లు ఏ జన్మలో చేసుకొన్న పుణ్యమో, బతికి బయటపడ్డారు. ఆ పక్షి మాత్రం మళ్లీ ఎగరలేదు.

ఆమెకు ఒక చెల్లెలుంది. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఏదైతేనేం, గుంపంతా ఆమెను ‘ఎందుకమ్మ’ అనేది. నోరు తెరిస్తే ఎందుకు అనే ప్రశ్నే మరి! ఇప్పుడు ఆమె నేల మీద నడిచే అక్కను చూసి, “మనం అడగం ఎందుకు?” అంది. రోజూ అదే అడిగింది.

చివరికి అన్నీ కలిసి వసుగుప్తుడి దగ్గరకు వెళ్లి, “అయ్యా, మా మజిలీ మాకిప్పించండి” అన్నాయి.

వసుగుప్తుడు కసురుకొంటాడనుకొన్నాయి. కసరలేదు. తేనె ఒలకబోశాడు. “అయ్యో, అంతకన్నానా! నేనూ నాగశ్రేష్ఠీ వ్యాపారాలు కలిపేసుకొంటున్నాం. ఈ విజయదశమి దాటనీయండి. కలిశాక అన్నీ మీరు చెప్పినట్టే” అన్నాడు. ఆ రోజు నుంచి చేపల బుట్ట కూడా పెద్దదయింది.

పక్షులు మురిసిపోయాయి. ఎందుకమ్మ మాత్రం చేప ముట్టలేదు. “కలిశాకే ఎందుకు? ఇప్పుడెందుకు కాదు?” అనుకొంటూ వడ్రంగి ముంగిటికి వెళ్లింది. అక్కడ ఒక కొత్త పల్లకీ తయారవుతోంది. దానికి పొడుగు తాళ్లున్నాయి, పొట్టి తాళ్లున్నాయి.

“తాతా, ఈ పొట్టి తాళ్లెందుకు?”

“గూడబాతులకే పిల్లా. దశమినాడు రాణిగారు ఎక్కుతారు. రెండు గుంపులూ కలిసి మొయ్యాలి. మనసారా మోస్తేనే వ్యాపారాలు కలపడానికి ముద్ర వేస్తారట. బలవంతపు రెక్కల కింద కూర్చోనన్నారట తల్లి.”

ఎందుకమ్మ ఎగురుకొంటూ వచ్చి ఆ మాట చెప్పింది. ముసలి బెగ్గురు తల పంకించింది. “ఓసి నీ ఎందుకు బంగారంగానూ! ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. దశమి దాటితే ఈ చేపలూ ఉండవు, ఆ మాటా ఉండదు” అంది.

వర్తకుడు ఊరుకొన్నాడా? పక్షులు గుసగుసలాడుతుంటే చూసి రెండో ఎత్తు వేశాడు. “గూడబాతులు మజిలీ అక్కర్లేదన్నాయి. మీరు మొరాయిస్తే గుంపులో ముందు వరస వాటిదే” అన్నాడు. బెగ్గురులు భగ్గుమన్నాయి.

ఎందుకమ్మ మాత్రం నేరుగా గూడబాతుల చెరువుకే పోయింది. పుల్లకాళ్ల పిల్ల తమ గట్టు మీద వాలేసరికి చెరువంతా గొల్లుమంది. వాటి పెద్ద సంచయ్య ముందుకొచ్చాడు.

“ఏం పిల్లా, దారి తప్పావా?”

“లేదు మామా. మజిలీ అక్కర్లేదని మీరన్నారట, ఎందుకు?”

“మేమా! మీరే అన్నారని మా నాగశ్రేష్ఠి చెప్పాడే!”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకొన్నారు. సంచయ్యకు నవ్వొచ్చింది. నవ్వుతుంటే సంచీలోంచి ఒక చేప జారి చెరువులో పడి పారిపోయింది.

రెండు గుంపులూ ఒకచోట చేరాయి. చేరగానే మొదలైంది రభస. కలిసి ఎగిరేటప్పుడు ముందెవరుండాలి? మేమంటే మేమన్నాయి. ఈకలు లేచాయి. పొద్దు నడినెత్తికొచ్చినా తెగలేదు.

“మామా, మీ గుంపులో ముందు ఎవరు ఎగురుతారు?” అని అడిగింది ఎందుకమ్మ.

“అలిసేదాకా ఒకరు. అలిశాక వెనక్కి పోతారు, ఇంకొకరు వస్తారు. ఎదురుగాలి ఎల్లకాలం ఒక్కరే కొట్టించుకొంటారా?”

“మాలోనూ అంతే. మరి కొట్లాట ఎందుకు?”

కొట్లాట అక్కడితో ఆగింది. రెండు గుంపుల ఆనవాయితీ ఒకటేనా అని అంతవరకూ ఎవరూ అడిగి చూడలేదు, అంతే.

అందరూ కలిసి పల్లకీ మోత సాధన చేస్తుంటే వసుగుప్తుడు మేడ మీదినుంచి చూశాడు. అందరికన్నా ముందు సంచయ్య ఎగురుతున్నాడు. “ఓహో, వీడే నాయకుడు” అనుకొన్నాడు. మూడో ఎత్తుగా సంచయ్యను పిలిచి మెడలో బంగారు గంట కట్టాడు. “దశమినాడు నువ్వు నోరెత్తకుండా లే. నీ వెనక అందరూ లేస్తారు. నీకొక్కడికే మజిలీ ఇస్తా” అన్నాడు. సంచయ్య గంట ఆడించుకొంటూ, పెట్టిన చేపలన్నీ తిని వచ్చేశాడు.

విజయదశమి వచ్చింది. మేళాలు మోగాయి. రాణిగారు కొండ అంచున నిలిపిన పల్లకీలో కూర్చొన్నారు. వసుగుప్తుడు ముందు వరసకేసి చూసి తెల్లబోయాడు. సంచయ్య గంట వాయించుకొంటూ చిట్టచివర ఉన్నాడు. ఆ పూట వంతు ఎందుకమ్మది! ఆమె తాడు ముట్టలేదు. ఆమె వెనక ఏ పక్షీ ముట్టలేదు.

“లేవండి, లేవండి!” అన్నాడు వసుగుప్తుడు.

“తల్లీ, ఒక్క మనవి” అంది ఎందుకమ్మ. రెక్క వాలిపోయిన అక్క నడుచుకొంటూ వచ్చి పక్కన నిలబడింది. “మమ్మల్ని లెమ్మంటే లేస్తాం. కాని నడిమి కొండ దాటాక మా రెక్కలు మా మాట వినవు. మజిలీ ఉంటుందని మాట ఇప్పించండి. మోత మాది, భయం అందరిదీ.”

“అది తర్వాత మాట్లాడుకోవచ్చు!” అన్నాడు నాగశ్రేష్ఠి.

రాణిగారు పల్లకీ అంచునుంచి కిందికి తొంగి చూశారు. లోయ అడుగు కనబడలేదు. ఆమె నెమ్మదిగా దిగారు.

“సరే, తర్వాతే మాట్లాడదాం. ముందు మీరిద్దరూ ఎక్కండి. తూర్పు ఊరిదాకా ఆగకుండా పోయి రండి. వచ్చాక ముద్ర వేస్తాను.”

వర్తకులిద్దరి మొహాలూ పాలిపోయాయి. “మజిలీ లేకుండానా!” అని ఇద్దరి నోళ్లనుంచీ ఒకేసారి వచ్చింది.

చుట్టూ చేరిన జనమంతా గొల్లున నవ్వారు. రాణిగారు నవ్వలేదు. ఎందుకమ్మ అక్క రెక్కను నిమిరి, వర్తకుల చేత అక్కడికక్కడే ప్రమాణం చేయించారు. ఆ తరువాతే పక్షులు తాళ్లు అందుకొన్నాయి. ఆ తరువాతే ముద్ర పడింది.

సంచయ్య ఆ బంగారు గంటను తీసుకుపోయి మడుగు గట్టున వేలాడదీశాడు. దాన్ని మోగించే పని ఎగరలేని అక్కది. దూరంగా పల్లకీ కనబడగానే ఆమె గంట కొట్టేది. అది వినగానే ఎంతటి వర్తకుడి పల్లకీ అయినా కిందికి దిగాల్సిందే.

కథ మడుగు చేరింది, మీరూ కాసేపు రెక్కలు ఆరబెట్టుకోండి. నీతి ఏమిటంటారా? దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి. ఎదుటివాడికి మనతో అవసరం ఉన్నప్పుడే, అందరూ ఒక్కటై, మాట పుచ్చుకోవాలి.