సూర్యుణ్ణి ముందు ఎవరు రుచి చూడాలి?

గ్రహణం రోజున రాజుగారికి సూర్యుణ్ణి దుర్భిణిలో చూడాలని ముచ్చట పుట్టింది. దుర్భిణి ముందు మూతికి తొడగమని, దాన్ని అమ్మిన ఓడవాళ్లు వెండిపూత అద్దం ఒకటి ఇచ్చారు. ఆస్థాన జ్యోతిష్కుడు విరూపాక్ష సోమయాజి దాన్ని మూలన పడేశాడు. "కన్ను పెట్టేది ఇటైతే అటు మూత దేనికి?" అని, గాజుల బట్టీ కొండప్పతో బొట్టుబిళ్లంత నల్లద్దం చేయించి కన్ను పెట్టేచోట బిగించాడు.

కొండప్పకు అనుమానం వదల్లేదు. "పెద్ద మూతిలో దూరిన ఎండంతా సన్నమూతి దగ్గర పోగవుతుంది స్వామీ. ఒకేచోట సెగ తగిలితే అద్దం నిలవదు."

"గాజులు చేసుకునేవాడివి, నాకు శాస్త్రం చెబుతావా?"

కొండప్ప రాజుగారికి దండం పెట్టాడు. "ప్రభూ, తమరి ముద్దను ముందు ఒకరు రుచి చూస్తారు కదా. ఈ సూర్యుణ్ణి సోమయాజిగారు రుచి చూడాలి."

రాజుగారు సరేనన్నారు. సోమయాజి దుర్భిణిని సూర్యుడికేసి తిప్పి, "స్తోత్రం చదువుకుని చూస్తాను" అంటూ మొదలుపెట్టాడు. అది ఎంతకీ తెమలదే! నడిమధ్యలో నల్లద్దం టప్పున పగిలి, ఆయన పట్టు ఉత్తరీయం పొగలు కక్కింది.

కొండప్ప మూలనున్న అద్దాన్ని తెచ్చి, చిల్లులూ గీతలూ లేవని వెలుతురుకు పట్టి చూసి, గాలికి ఊడకుండా ముందు మూతికి కట్టాడు. మొదట తనే చూశాడు.

"సోమయాజి అదృష్టవంతుడు. కన్ను పెట్టేలోపే పగిలింది" అన్నారు రాజుగారు.

"అదృష్టం కాదు ప్రభూ, ఆయనకీ నా అనుమానమే. నమ్మకముంటే ఒక్క దండంతో సరిపెట్టేవారు. వెయ్యి నామాలు అందుకున్నారు."